తరిగొండ వెంగమాంబ యోగసాధన: అభ్యాసము దృఢమగు విధము



యోగాభ్యాసమునకు పూనుకొనువారు నేడు మా వేంపల్లెలోను పెక్కుమంది కలరు. ప్రాతఃకాలమున ఆసనములు వేయుదురు, ప్రాణాయామము చేయుదురు. ఒక మండలము గడచునప్పటికి చాలమంది మానుదురు. మాననివారికి వేరొక సందేహము కలుగును: "దేహము తేలికపడినది, నిద్ర చక్కగా పట్టుచున్నది. ఇంతకు మించి లోనికి పోవుట యెట్లు?" ఈ ప్రశ్నకు శాస్త్రమున సమాధానము కలదు. ఆ శాస్త్రమును జీవితమంతయు ఆచరించి చూపిన మహాయోగిని చరిత్రము మన రాయలసీమలోనే కలదు. ఆమె మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ.

పతంజలి మహర్షి యోగసూత్రముల సమాధిపాదమున, అభ్యాసము గట్టిపడుటకు మూడు లక్షణములు వలయునని చెప్పెను. అవి దీర్ఘకాలము, నైరంతర్యము, సత్కారము. దీర్ఘకాలమనగా ఏండ్ల తరబడి చేయుట. నైరంతర్యమనగా నడుమ విడువకుండుట. సత్కారమనగా తపస్సుతో, బ్రహ్మచర్యముతో, విద్యతో, శ్రద్ధతో చేయుటయని వ్యాసభాష్యము వివరించుచున్నది. ఈ మూడింటిని మనస్సున నుంచుకొని ఆ తల్లి చరిత్రమును పరిశీలింతము.

వేంపల్లె నుండి గండి అంజన్న సన్నిధిని దాటి, చక్రాయపేట, రాయచోటిల మీదుగా దక్షిణముగా సాగినచో గుఱ్ఱంకొండ వచ్చును. ఆ మండలములోనిదే తరిగొండ గ్రామము. అచ్చటి లక్ష్మీనరసింహస్వామి వెంగమాంబకు ఇష్టదైవము. సుమారు 1730 ప్రాంతమున కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు ఆమె జన్మించెను. బాల్యముననే వివాహమై, చిన్న వయస్సుననే భర్తృవియోగము కలిగెను. కేశఖండనమునకు ఆమె అంగీకరింపలేదు. శ్రీవేంకటేశ్వరుడే తన భర్తయని నిశ్చయించుకొనెను. మదనపల్లెలోని రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఆమెకు గురువులై మార్గమును ఉపదేశించిరి.

ఊరివారి నిందలు ఆమెను విడువలేదు. ఆలయమున ఆంజనేయస్వామి విగ్రహము వెనుక కూర్చుండి ఆమె ధ్యానము చేసికొనెడిదనియు, అది సహింపని అర్చకుడు ఆమెను అవమానించి వెడలగొట్టెననియు ఐతిహ్యము. అర్చకవృత్తిలో నున్నవాడనగుటచే ఈ కథను నేను దాటవేయజాలను. స్వామి సన్నిధి సాధకులకు ఆశ్రయమే గాని అర్చకుని సొత్తు కాదు. "ఆడువారము, మాకు యోగమున అధికారము కలదా?" అని నన్నడుగు తల్లులకు నేను ముందుగా వెంగమాంబ పేరే చెప్పుదును. అధికారమును ఆమె వాదముతో సాధింపలేదు, అభ్యాసముతో సాధించెను.

తరిగొండలో నున్న కాలముననే ఆమె 'రాజయోగామృతసారము' అను ద్విపదకావ్యమును రచించెను. గురువుల యొద్ద ఓనమాలు సైతము నేర్వలేదని ఆమెయే తన గ్రంథమున చెప్పుకొనెను. పిదప తిరుమల చేరెను. అచ్చటను ఏకాంతము కరవై విఘ్నములు కలుగగా తుంబురుకోనకు పోయి కొన్ని సంవత్సరములు తపమాచరించెను. శేషాచలారణ్యమున లోతుగా నున్న ఆ తీర్థమునకు నేటికిని ఫాల్గుణ పూర్ణిమ ముక్కోటికి యాత్రికులు రాళ్లనడుమ, నీళ్లనడుమ నడచి పోవుదురు. అట్టి చోట ఒంటరిగా తపస్సు చేసిన ఆ స్త్రీ ధైర్యమును ఊహింపుడు.

ఆ కాలస్థితిని గూడ గమనింపవలెను. ఆమె జీవితకాలములో గుఱ్ఱంకొండ సీమ కడప నవాబులను, మరాఠాలను, హైదరాలీని, టిప్పు సుల్తానును, నిజామును చూచినది. 1800లో దత్తమండలములలో భాగమై ఆంగ్ల కంపెనీ వశమైనది. ఏలికలు మారిరి, దండులు వచ్చి పోయినవి. ఆమె సాధన మాత్రము తెగలేదు. నైరంతర్యమునకు ఇంతకన్న నిదర్శన మేమి కావలెను? తీరిక చిక్కిన పిదప అభ్యసింతమనుకొనువారు ఈ సంగతిని తలపవలెను.

తుంబురుకోన నుండి మరలివచ్చిన తరువాత ఆమె ద్విపద భాగవతము, వేంకటాచల మాహాత్మ్యము, వాసిష్ఠ రామాయణము మున్నగు గ్రంథములను వెలయించెను. 'అష్టాంగయోగసారము'ను ఆమె చివరి రచనలలో ఒకటిగా చెప్పుదురు. నాకు ఇందొక గొప్ప సూక్ష్మము తోచుచున్నది. యౌవనమున రాజయోగమును గూర్చి చెప్పిన సాధకురాలు, పరిపక్వదశలో యమనియమములతో మొదలగు ఎనిమిది మెట్లను మరల విప్పి చెప్పెను. లోతునకు పోవుట యనగా మొదటి మెట్టును విడిచిపోవుట కాదు. పదియేండ్లు ఆసనములు వేసినవాడు అహింసా సత్యములను మరల పరీక్షించుకొనినచో, అదియే లోనికి తెరచుకొను ద్వారము.

సాధనకు ఫలమేది? విభూతులు సమాధికి అడ్డంకులేయని పతంజలి హెచ్చరించెను. వెంగమాంబను గూర్చిన మహిమల కథలు అనేకములు కలవు. కాని ఆమె తపస్సునకు నేటికిని నిలిచియున్న సాక్ష్యములు వేరు. ప్రతిరాత్రి ఏకాంతసేవలో, తాళ్లపాకవారి లాలితోపాటు స్వామికి జరుగు ఆమె పేరిటి ముత్యాల హారతి ఒకటి. తిరుమలలో ఆమె పేరిట వెలసి, 2011లో ప్రారంభమైన నిత్యాన్నప్రసాద భవనము రెండవది. ఒకటి దైవమునకు, ఒకటి ఆకలికి. తన్ను తాను తెలిసికొనిన వారి చేతులు ఈ రెండు వైపులకే చాచుకొనును. 1817లో ఆమె తిరుమలలోనే సిద్ధి పొందెను. అచ్చటనే ఆమె బృందావనము కలదు.

కావున సాధకులారా, మీ అభ్యాసమును ఈ మూడు గీటురాళ్లపై గీచి చూచుకొనుడు. ఎంతసేపు కూర్చుంటినని గాక ఎన్నాళ్లుగా విడువకుంటినని చూడుడు. విఘ్నము వచ్చిన దినమున సంపూర్ణముగా మానక, కొలదిగానైన చేయుడు. ఆసనము నుండి లేచిన పిదప మీ మాటలో మార్దవము, పంక్తిలో ప్రక్కవానికి చోటిచ్చు గుణము పెరిగినవేమో పరిశీలించుకొనుడు. పెరిగినచో మీరు లోనికి పోవుచున్నారు. తరిగొండ నృసింహుని కరుణ, గండి వీరాంజనేయుని బలము మీకు తోడగును గాక.

శుభం భూయాత్.