బూదికనమలోని బూది ఎవరిది?

బ్యాంకులో పనిచేసేటప్పుడు పంట రుణాల తనిఖీకి కుడతిని పక్క చానాసార్లు తిరిగినాను. బళ్ళారి నుంచి హొసపేటకు పోయే దావలో, ఆ ఊరి దగ్గర కొండల సందున పెద్ద బూది దిబ్బ ఒకటుంది. దాని పేరు బూదికనమ. మా అవ్వ చెప్పేది: "హిడింబాసురుణ్ణి భీముడు సంపినాక కాల్చిన తావు నాయనా అది. ఆ బూదంతా రాక్షసునిదే." ఉద్యోగంలో చేరినాక కూడా నేను అట్లే అనుకునేవాణ్ణి.

ముందు మాట సంగతి చూద్దాం. బూది అనేది తెలుగుకూ కన్నడకూ ఉమ్మడి మాట. కనమ మాత్రం మన మాట. కన్నడంలో కణివె అంటారు. 19వ శతాబ్దంలో కెప్టెన్ న్యూబోల్డ్ అనే దొర ఈ దిబ్బల గురించి రాసినప్పుడు కూడా ఈ చోటును బూదికనమ అనే రాసుకున్నాడు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి, తక్కిన బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. గీత అట్ల పడింది గానీ కొండసందు పేరు మారలేదు.

ఇప్పుడు బూది సంగతి. సావుతో ముడిపెట్టిన దిబ్బ ఇదొక్కటే కాదు. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటంటారు. దొరల్లోనూ కొందరు ఇవి మనుషులను మూకుమ్మడిగా కాల్చిన చోట్లేమో అని ఊహించినారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రం ఒప్పుకోలేదు. ఇది పశువుల పేడ కాలిన బూది అన్నాడు. 1957లో ఆల్చిన్ అనే పండితుడు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఇట్లాంటి దిబ్బనే తవ్వితే, దొడ్డి చుట్టూ నాటిన గుంజల గుంతలు, ఆవుల గిట్టల గుర్తులు బయటపడినాయి. జాయ్‌నర్ అనే ఆయన బళ్ళారి బూదిని పరీక్ష చేసి పేడే అని తేల్చినాడు. అంటే నాలుగు వేల ఏండ్ల కిందటి పశువుల కాపరులు దొడ్డిలో పేరుకున్న పేడకు మళ్ళీ మళ్ళీ నిప్పు పెట్టగా మిగిలింది ఇది. మా లెక్కల భాషలో చెప్పాలంటే, ఆవుల ఖాతాలో రాయాల్సిన పద్దును ఇన్నాళ్ళూ సావు ఖాతాలో రాసినాము.

మరి ఆ కాపరులు తమలో సచ్చినోళ్ళను ఏం చేసిరి? దానికి జవాబు సిరుగుప్ప తాలూకా తెక్కలకోటలో దొరికింది. 1963-64లో నాగరాజరావు, మల్హోత్రా అక్కడ తవ్వకాలు చేసినారు. పెద్దోళ్ళను గుంత తీసి పూడ్చినారు. పసిబిడ్డలను కుండలో పెట్టి, ఊరి బయట కాకుండా నివాసాల నడుమనే పూడ్చినారు.

ఆ సంగతి చదివిన దినం నాకు అన్నం సయించలేదు. మా అమ్మకు నాకంటే ముందు ఒక ఆడబిడ్డ పుట్టి పది దినాలకే పోయింది. ఆ బిడ్డను కాల్చలేదు. రెండేండ్లు నిండని బిడ్డకు దహనం లేదని మనుస్మృతిలో కూడా ఉంది. మా ఇంట్లో పెద్దోళ్ళు పోతే "కాల్చినారు" అనేవాళ్ళు, ఆ బిడ్డ విషయంలో మాత్రం "మన్ను చేసినాము" అనేవాళ్ళు. కన్నడంలోనూ "మణ్ణు మాడోదు" అంటారు, అదే మాట. ఎక్కడ మన్ను చేసిరో మా నాయనకు తెలుసు. నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన 1994లో పోయినాడు. అమ్మ బతికున్నన్నాళ్ళు పెరట్లో వేపచెట్టు పక్క చీపురు గట్టిగా వేయనిచ్చేది కాదు. ఎందుకో ఇప్పుడు అర్థమవుతాంది.

తర్వాతి కాలం వాళ్ళు రాతికి మళ్ళినారు. గంగావతి దగ్గర హిరేబెణకల్ గుట్ట మీద సుమారు 400 రాతి కట్టడాలున్నాయి. నిలువు బండల మీద కప్పుబండ, కొన్నిటికి ముందర గుండ్రటి కంత. కన్నడంవాళ్ళు మోర్యర మనె అంటారు. మన తెలుగులో ఇట్లాంటివాటిని రాకాసి గుళ్ళు అంటారు. 2021లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. తమిళనాడు ఆదిచ్చనల్లూరులోనేమో పెద్దోళ్ళను కూడా పెద్ద పెద్ద కుండల్లోనే పెట్టినారు. ఇప్పటికీ మన ఊర్లలో ఒకే వీధిలో మూడు పద్ధతులున్నాయి. కొందరు కాలుస్తారు, కొందరు పడుకోబెట్టి పూడుస్తారు, లింగాయతులు చేతిలో ఇష్టలింగం పెట్టి కూర్చోబెట్టి పూడుస్తారు. ఇది పాతది, అది కొత్తది అని వాదులాడుకునే పనిలేదు. అన్నీ ఈ నేలలో శానా కాలం నుంచి ఉన్నవే.

బూది దిబ్బలను ఎరువు కోసం, మట్టి కోసం తవ్వి బండ్లకెత్తినారు. తవ్విన దిబ్బ మళ్ళీ పెరగదు. మాట కూడా అంతే. బళ్ళారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరుతో ఉన్న సంగనకల్లు మ్యూజియానికి మనవళ్ళను ఒకసారి తీసుకుపోండి. దానికంటే ముందు, ఇంట్లో పెద్దోళ్ళు ఉన్నప్పుడే రెండు సంగతులు అడగండి: మీ పక్క "మన్ను చేసేది" అంటారా, ఇంకేమన్నా అంటారా? మీ ఇంటి బిడ్డలను ఎక్కడ మన్ను చేసినారు? నేను అడగక పోగొట్టుకున్నాను, మీరు అడిగి రాసిపెట్టుకోండి.