వంతెన లేచింది, ఊరు లేవలేదు

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే, తప్పులుంటే మన్నించండి.

సముద్రం పెరుగుతోంది, దీవుల్లో వాళ్ళని ఖాళీ చేయించాలి అని టీవీలో చర్చలు చూస్తున్నాను. రైల్వేలో గుమాస్తాగా రిటైరైన నాకు రెండు చోట్లు గుర్తొచ్చాయి.

మొదటిది ధనుష్కోడి. 1964 డిసెంబర్ 22 రాత్రి తుఫానులో పాంబన్ నుంచి వెళ్ళిన పాసింజర్ బండిని సముద్రం మింగేసింది. వందమందికి పైగా పోయారు. పాంబన్ వంతెన గర్డర్లు కొట్టుకుపోయాయి. శ్రీధరన్ గారు 46 రోజుల్లో వంతెన నిలబెట్టారు. నీళ్ళలో పడిన గర్డర్ల జాడ తెలిపింది జాలర్లేనని మా ఆఫీసులో సీనియర్లు గర్వంగా చెప్పేవాళ్ళు.

కథలో మిగతా సగం చెప్పేవాళ్ళు కారు. ధనుష్కోడి నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. వంతెన లేచింది, ఊరు లేవలేదు. అయినా కొన్ని జాలరి కుటుంబాలు అక్కడే గుడిసెలు వేసుకున్నాయి. వాళ్ళ వల, పడవ, చేపలు అన్నీ అక్కడే కదా!

రెండోది మన దివిసీమ. కృష్ణ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న దీవి. 1977 నవంబర్ 19 ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. కోడంబాక్కంలో మా వీధి పెద్దలు పాత చీరలు, బియ్యం మూటలు కట్టి పంపారు. ఎన్టీఆర్ గారు, ఏఎన్నార్ గారు జోలె పట్టి ఊరూరా చందాలు వసూలు చేశారు.

తర్వాత ఆ తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. కొన్ని మామూలు రోజుల్లో బడులుగా పనికొచ్చాయి. 1990 మేలో మళ్ళీ పెద్ద తుఫాను వచ్చింది. ఈసారి లక్షలమందిని ముందే తరలించారు. పోయినవాళ్ళు వెయ్యిలోపే.

తేడా గమనించండి. షెల్టరు "ఊరు వదిలిపో" అనలేదు. "ఈ రాత్రికి ఇక్కడుండు, రేపు నీ ఇంటికి వెళ్ళు" అంది.

ఇప్పుడు ఆ ఒక్క రాత్రి చాలకపోవచ్చు. కృష్ణ మీద ఆనకట్టలు ఒండ్రుని ఆపేశాయి. కొత్త మట్టి రాక డెల్టా కుంగుతోంది, అలలు ఒడ్డుని కోస్తున్నాయి. నాగాయలంక దగ్గర ఎదురుమొండి దీవి వాళ్ళకి రేపు ఏం చేస్తారు? గట్టు కట్టినా, వంతెన వేసినా, వేరేచోట ఇళ్ళిచ్చినా, ముందు వాళ్ళనే అడగాలి. పడవ ఎక్కడ కట్టుకుంటారు, గొడ్లని ఎక్కడ ఉంచుతారు, ఊరి అమ్మవారికి జాతర ఎక్కడ చేస్తారు? ఈ ప్రశ్నలు కూడా ప్లానులో ఉండాలి. గర్డర్లు వెతకడానికి జాలరి మాట పనికొచ్చింది. అతని ఊరి సంగతికి పనికిరాదా?

మన సంఘంలో దివిసీమ నుంచి వచ్చిన కుటుంబాలుంటే, మీ పెద్దవాళ్ళు చెప్పింది కింద రాయండి. తమిళంలో రాసినా సరే, నేను చదువుతాను.