తలుపులకు తాళాలు లేని ఊరు

మధ్యాహ్నం పన్నెండయింది. తలెత్తితే నక్షత్రాలు. స్వాల్‌బార్డ్ దీవుల్లోని నీ-ఓలెసున్‌లో అక్టోబరు చివర గుంకిన పొద్దు మళ్లీ ఫిబ్రవరి మధ్యకు గానీ పొడవదు. ఇక్కణ్నుంచి ఉత్తర ధ్రువం దాదాపు 1,200 కిలోమీటర్లు.

మీ ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ ముందే ఆపేయించారు. ఊరి దగ్గరి రెండు పెద్ద యాంటెన్నాలు, ఊహకందనంత దూరంలోని క్వేజార్లనే ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాల సంకేతాలు పట్టి, భూమి ఎలా తిరుగుతోందో లెక్కగడుతుంటాయి. జేబులోని ఫోన్ వైఫై తరంగాలు వెలువరించినా ఆ బలహీనమైన సంకేతాలకు అడ్డు తగులుతుంది.

నడవండి. బూట్ల కింద మంచు కరకరలాడుతుంది, ముక్కు లోపలి తడి గడ్డకడుతుంది. దారి పక్క ఇళ్ల తలుపులు తోస్తే చాలు, తెరుచుకుంటాయి. ధ్రువపు ఎలుగుబంటి ఎదురైతే ఎవరైనా ఎక్కడైనా దూరి ప్రాణం కాపాడుకోవాలి కదా. ఊరు దాటితే మాత్రం భుజాన తుపాకీ ఉండాల్సిందే.

ఒక గుమ్మం ముందు రెండు రాతి సింహాలు: చైనా వారి ‘యెల్లో రివర్’ పరిశోధన కేంద్రం. ఇంకో గుమ్మం మీద ‘హిమాద్రి’, 2008లో మొదలైన మన కేంద్రం. జెండాలు ఎవరివైనా, ఊరిని నడిపేది నార్వే ప్రభుత్వ సంస్థ కింగ్స్ బే. అందరి భోజనమూ ఒకే హాల్లో.

ఇది ఒకప్పటి బొగ్గు గనుల ఊరు. 1962 నవంబరులో గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. గని మూతపడింది. ఆ దుర్ఘటనపై విచారణ మరుసటి ఏడాది ఓస్లోలో ప్రభుత్వాన్నే కూల్చింది. పని దిగాక గని కార్మికులు మసి కడుక్కున్న స్నానశాల ఇప్పుడు గాలిలోని ధూళికణాలను కొలిచే ప్రయోగశాల.

ఇన్ని దేశాల వాళ్లు ఇక్కడ చేరడానికి మూలం 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో కుదిరిన ఒప్పందం. దీవులపై సార్వభౌమాధికారం నార్వేకు దక్కింది. సంతకం చేసిన దేశాల వారికి వేట, చేపలు, గనుల విషయంలో సమాన హక్కులు దక్కాయి. బ్రిటిష్ పాలనలో ఉన్న ఇండియా పేరు కూడా ఆ సంతకాల్లో ఉంది. శాస్త్ర పరిశోధన నియమాలకు విడిగా ఒప్పందం చేసుకుంటామని 5వ అధికరణంలో రాసుకున్నారు. నూరేళ్లు దాటినా అది కుదరలేదు. నార్వే నియమాలకు, ఇతర దేశాలు కోరుకునే స్వేచ్ఛకు మధ్య పెనుగులాట అక్కడే ఉంది. దేశాల వారీగా కాక అంశాల వారీగా కలిసి పనిచేయాలని 2019లో నార్వే వ్యూహపత్రం తెచ్చింది. నాకది న్యాయమైన కోరికే అనిపిస్తుంది. గాలికీ నీటికీ జెండా లేదు.

ఇప్పుడు ఒడ్డుకు రండి. ఆగి చెవి పెట్టండి. చీకట్లో అలల చప్పుడు. ఒకప్పుడు ఈ కాలానికి ఊరి ముందున్న కాంగ్స్‌ఫియార్డెన్ అనే సముద్రపాయ లోపలి భాగం గడ్డకట్టడం మొదలయ్యేది. అట్లాంటిక్ నుంచి వెచ్చని నీరు చొచ్చుకొస్తుండటంతో 2006 తర్వాత చాలా చలికాలాలు మంచు సరిగా పట్టలేదు. ఆ నల్లటి నీటి అడుగున, సుమారు 190 మీటర్ల లోతున, 2014లో మనవాళ్లు ‘ఇండార్క్’ అనే పరికరాల గొలుసును లంగరు వేశారు. నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహం నమోదు చేయడం దాని పని. గోవా, చెన్నై సంస్థలతో పాటు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తల కృషీ అందులో ఉంది. ఆర్కిటిక్ మార్పులకూ మన రుతుపవనాలకూ ఉన్న లంకె తేల్చడం మన పరిశోధనల ముఖ్య లక్ష్యాల్లో ఒకటి.

2023 డిసెంబరులో తొలిసారి చలికాలపు బృందం హిమాద్రికి వెళ్లింది. ఏ ప్రభుత్వం ఉన్నా ఈ పని ఏటా సాగాలి. కొలవకుండా వదిలేసిన చలికాలాన్ని తర్వాత ఎంత డబ్బు పోసినా కొలవలేం.