ఉత్తరము మొదలు ఉల్లిపొరల దాక

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారి యిండ్లలో ఒకప్పుడు ఉత్తరము వచ్చినదనగా ఇంటి గుట్టు వీథికెక్కినట్లే యుండెడిది. తల్లికి చదువు రాదు. పంతులుగారినో, పొరుగింటి పిల్లవానినో పిలిచి చదివించుకొనవలెను. కొడుకు పంపిన పైకమెంత, తీరని అప్పెంత అన్నది తల్లికన్న ముందు చదివినవానికి తెలిసెడిది.

ఆ ఉత్తరమునకు వేరొక పాఠకుడును ఉండవచ్చును. 1898 నాటి తపాలా చట్టము 26వ సెక్షను ప్రజాక్షేమము పేరిట ఉత్తరములను ఆపు అధికారమును ప్రభుత్వమునకిచ్చినది. 1978 అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడినవి. అట్టి దినములలో ఊరి సంగతులు కాగితముపై పెట్టుటకు ఎవరికి చేయి వచ్చును?

పిమ్మట మాటలు నింపిన క్యాసెట్టు వచ్చినది. చదివిపెట్టువాని అక్కర తీరినది. కాని టేపురికార్డరున్న యింటికి పోవలెను గదా! తరువాతిది టెలిఫోను బూతు. తలుపు మూసినను మన కేక ఆగదు. దూరదేశమునకు గట్టిగా అరచిననే వినబడునని మా నమ్మకము.

నేటి ఇంటర్నెట్టులోని చాటుదారి 1990వ దశకము నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనాలయములో పుట్టినది. గోల్డ్‌ష్లాగ్, రీడ్, సైవర్సన్ అను మువ్వురు దానికి ఉల్లిగడ్డ పేరు పెట్టిరి. 2002లో వెలువడిన టార్ దాని సంతతియే. ఒక ఉత్తరమును మూడు కవరులలో, ఒకదానిలో నొకటిగా పెట్టి, మువ్వురు చేతులమీదుగా పంపినామనుకొనుడు. మొదటివానికి పంపినవారు తెలియును, చేరుచోటు తెలియదు. నడిమివానికి రెండును తెలియవు. చివరివానికి చేరుచోటు తెలియును, పంపినవారు తెలియరు. యుక్తి ఇంతమాత్రమే. కాని లోపలి కాగితముపై మనమే పేరు, ఫోను నంబరు వ్రాసినచో ఎన్ని కవరులున్న నేమి? పాస్‌పోర్టు ప్రతిని, బ్యాంకు రహస్యసంఖ్యను అడిగినవానికెల్ల ఇచ్చువారిని ఏ చాటుదారియు కాపాడజాలదు.

దుబాయిలోని మన పిల్లలకు వేరొక చిక్కు కలదు. అచ్చట అనుమతి పొందిన యాపులలోనే ఇంటర్నెట్టు సంభాషణ జరుపవలెను. నేరము చేయుటకుగాని, దానిని కప్పిపుచ్చుటకుగాని వి.పి.ఎన్. వంటి ముసుగు వేసుకొన్నవారికి 2021 నాటి 34వ చట్టము 10వ అధికరణము కారాగారమునుగాని, 5 లక్షలనుండి 20 లక్షల దిర్హముల జరిమానానుగాని విధించుచున్నది. అమ్మను పలుకరించు తొందరలో ఆ సాధనమును పెట్టుకొను కుర్రవాడు ముందుగా అనుమతి గల యాపు ఏదియో కంపెనీవారి నడుగుట మేలు.

ఇవతలి కొసన మేము మాత్రము నేటికిని ఫోనును స్పీకరుమీద పెట్టి, అరుగుపై కూర్చుండి మాటాడుచున్నాము.