అడగని ప్రశ్న

సాక్షి బోనెక్కారు. అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేశారు. ఢిల్లీ సెషన్స్ కోర్టులో ఆ రోజు నిలబడ్డ మనిషి హత్యను చూసినవారు కాదు, హతురాలిని ఎరిగినవారూ కాదు. ఆయన చూసిందల్లా హైదరాబాద్‌లో, ఉప్పల్ రోడ్డు పక్కన ఒక ప్రయోగశాలలో వచ్చిన పరీక్షా ఫలితాన్ని.

పేరు డాక్టర్ లాల్జీ సింగ్. 1974 నుంచి డీఎన్‌ఏ మీద పనిచేస్తున్నానని, 1987లో బ్రిటన్ నుంచి తిరిగొచ్చానని, వేలిముద్రలాంటి ఈ డీఎన్‌ఏ ముద్రకు మన దేశంలోనే సొంత పద్ధతి తయారుచేశానని కోర్టుకు చెప్పారు. పరీక్ష ఎలా చేస్తారో వివరించారు.

తార్నాక దాటి ఉప్పల్ వైపు వెళ్తుంటే హబ్సిగూడలో కనిపించే కణ, అణు జీవశాస్త్ర కేంద్రమే (సీసీఎంబీ) ఆ ప్రయోగశాల. అక్కడ ఆ పద్ధతి పుట్టడం వెనక ఒక పాము ఉంది. ఎడిన్‌బరోలో ఉన్న రోజుల్లో లాల్జీ సింగ్ నలుపూ పసుపూ పట్టీల కట్లపాము క్రోమోజోములను పరిశీలించారు. ఆడపాము లింగ క్రోమోజోములో పదేపదే తిరిగొచ్చే చిన్న డీఎన్‌ఏ ముక్క దొరికింది. అలాంటి ముక్కలు మనిషిలోనూ ఉన్నాయి, పైగా మనిషికీ మనిషికీ వాటి అమరిక వేరు. ఆ ముక్కనే గాలంగా వేస్తే ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లగీతలు తేలేవి. సమరూప కవలలను మినహాయిస్తే ఒకరి గీతలు ఇంకొకరివి కావు.

ఈ పద్ధతి మొదట కోర్టు మెట్లెక్కింది హత్య కేసులో కాదు. కేరళలోని తలశ్శేరిలో ఒక తల్లి బిడ్డకు మనోవర్తి అడిగింది. బిడ్డ తండ్రని ఆమె చెప్పిన వ్యక్తి మాత్రం నా బిడ్డ కాదన్నాడు. ముగ్గురి రక్తమూ హైదరాబాద్ వచ్చింది. 1989లో మేజిస్ట్రేట్ ముందు లాల్జీ సింగ్ సాక్ష్యం చెప్పారు, తండ్రి ఎవరో తేలింది. మన కోర్టుల్లో డీఎన్‌ఏకు అదే తొలి అడుగు. తర్వాత ఈ పరీక్షల కోసం సీడీఎఫ్‌డీ అనే సంస్థ ఏర్పడి ఏళ్లపాటు నాచారంలో, ఈసీఐఎల్ రోడ్డులో నడిచింది. ఇప్పుడది ఉప్పల్‌లో ఉంది.

ఢిల్లీ కేసుకు వద్దాం. 1996 జనవరి 23న వసంత్ కుంజ్‌లోని ఇంట్లో ప్రియదర్శిని మట్టూ అనే న్యాయశాస్త్ర విద్యార్థినిపై అత్యాచారం చేసి చంపేశారు. నిందితుడు సంతోష్ కుమార్ సింగ్, ఒక ఐపీఎస్ అధికారి కొడుకు. అంతకుముందే వెంటపడి వేధిస్తున్నాడని ఆమె ఫిర్యాదులు ఇచ్చి ఉంది. కేసు సీబీఐ చేతికి వెళ్లింది. హతురాలి శరీరం నుంచి, దుస్తుల నుంచి తీసిన నమూనాలు, నిందితుడి రక్తం సీలు వేసి హైదరాబాద్ పంపారు. రెండూ కలిశాయని నివేదిక వచ్చింది.

మళ్లీ బోను దగ్గరికి. సాక్షిని పిలిచినవాళ్లు ముందు అడుగుతారు, కోర్టు భాషలో అది చీఫ్. ఆ తర్వాత ఎదుటి వకీలు లేచి చేసేది క్రాస్. నిందితుడికి చట్టం ఇచ్చిన ఆయుధాల్లో ఇంతకన్నా పదునైనది లేదు. పద్ధతి తప్పనవచ్చు, గీతలు సరిగా చదవలేదనవచ్చు, ఫలానా గ్రంథం వేరేలా చెబుతోంది కదా అని పుస్తకం తెరిచి సాక్షి చేతిలో పెట్టవచ్చు. నిపుణుడు చెప్పేది అభిప్రాయమే, తీర్పు కాదు. గట్టిగా అడిగితే బీటలు వారేవి కూడా ఉంటాయి. కానీ ఆ రోజు పద్ధతి సరైనదేనా అన్న ప్రశ్న ఒక్కటీ రాలేదు.

1999 డిసెంబర్ 3న తీర్పు వచ్చింది. నేరం చేసింది ఇతనేనని తనకు తెలుసంటూనే, రుజువు చాలనందున సందేహం కింద వదిలేస్తున్నానన్నారు న్యాయమూర్తి. డీఎన్‌ఏ నివేదికను పక్కన పెట్టేశారు. నమూనాల భద్రత మీద అనుమానం ఒక కారణం. రెండోది, ఆయన తానే బోలెడు శాస్త్ర గ్రంథాలు తిరగేసి పరీక్షలో లోపాలు ఎంచారు.

ఇదే అమెరికా అయితే కథ ఇక్కడే ముగిసేది. అక్కడ నిర్దోషి అన్న తీర్పు మీద ప్రభుత్వానికి అప్పీలు లేదు. ఒకే నేరానికి మనిషిని రెండుసార్లు విచారణకు ఈడ్వకూడదని వాళ్ల రాజ్యాంగం ఐదో సవరణ చెబుతుంది. మనకూ అలాంటి రక్షణ ఉన్నా, పై కోర్టుకు వెళ్లడాన్ని మన చట్టం రెండో విచారణగా లెక్కగట్టదు. నిందితుడి వైపు నుంచి చూస్తే ఇది కటువుగానే ఉంటుంది, నాకు అందులో అనుమానం లేదు. సీబీఐ హైకోర్టు తలుపు తట్టింది. ఏళ్లు గడిచాయి. వీధుల్లో కొవ్వొత్తులు వెలిగాయి. 2006 అక్టోబర్ 17న హైకోర్టు నిందితుడిని దోషి అంది, ఆ నెలాఖరునే మరణశిక్ష వేసింది.

ప్రశ్న అడగాల్సిన తీరుకు ఉదాహరణగా న్యూయార్క్‌లో 1989 నాటి కాస్ట్రో కేసు ఉంది. బ్రాంక్స్‌లో ఒక గర్భిణినీ, ఆమె రెండేళ్ల కూతురినీ చంపిన కేసు. నిందితుడి చేతి గడియారం మీద రక్తపు మరక. అది ఆమెదేనంది ప్రైవేటు ల్యాబు. అక్కడ తీర్పు జ్యూరీది కాబట్టి, ఇలాంటి సాక్ష్యం జ్యూరీ చెవిన పడాలా వద్దా అన్నది ముందు జడ్జి తేలుస్తాడు. ఆ విచారణే పన్నెండు వారాలు సాగింది. డిఫెన్సు వకీళ్లు ఒక్కో గీత పట్టుకుని నిలదీశారు. చివరికి రెండు పక్షాల శాస్త్రవేత్తలూ లాయర్లు లేకుండా కూర్చుని, ఈ పరీక్ష నిలవదని ఒక్క మాట మీదికి వచ్చారు. రక్తం ఆమెదన్న ఫలితాన్ని జడ్జి జ్యూరీ దాకా పోనివ్వలేదు. నిందితుడు ఆ తర్వాత నేరం ఒప్పుకున్నాడు, ఆ రక్తం ఆమెదేనని కూడా. అయినా ల్యాబుల పనితీరు మారింది ఆ ప్రశ్నల వల్లే.

2010 అక్టోబర్ 6న మట్టూ కేసులో సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు చెప్పింది. నేరం రుజువైంది, మరణశిక్ష యావజ్జీవమైంది. డీఎన్‌ఏ దగ్గర న్యాయమూర్తులు పాత సాక్ష్యం కాగితాలు తిరగేశారు. పద్ధతి మీద, అనుసరించిన విధానం మీద లాల్జీ సింగ్‌ను ఎవరూ ఒక్క ప్రశ్నా అడగలేదని రాశారు. ఇంత సాంకేతికమైన విషయంలో కింది కోర్టు తన అభిప్రాయాన్నే నిపుణుడి మాట స్థానంలో పెట్టిందన్నారు. కింది కోర్టు తీర్పులో పేర్కొన్న గ్రంథాలు చాలానే ఉన్నాయి. బోనులో నిలబడ్డ మనిషికి వాటిలోని ఒక్క సందేహాన్నీ చూపించి అడగలేదు.