లోపమే గుణమైన పొర

టైటానియము తెల్లరంగు వేసిన తలుపులు ఎండకు కొన్నేండ్లలోనే వన్నెచెడి చేతికి సుద్దవలె రాలుట రంగుల వ్యాపారులకు చిరకాలము పెద్ద చిక్కుగా నుండెను. 1938లో గుడీవ్, కిచెనర్‌లు ఆ తెల్లని పొడి అతినీలలోహిత కిరణములను గ్రహించి, తాను మార్పుచెందకయే, తన్నంటిన రంగును వెలిసిపోవజేయుచున్నదని పరిశీలించి తెలిపిరి. అప్పటికది దోషమే. 1972లో జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండాలు టైటానియము డయాక్సైడు ధ్రువముపై వెలుగు ప్రసరింపజేసి నీటిని విడగొట్టిన పిదప గాని లోకము దానిని గుణముగా నెంచలేదు. నీటినుండి ఇంధనము రాబట్టుటకై మొదలైన విచారణ కిటికీ అద్దముల కడకు చేరుట విజ్ఞానచరిత్రలోని వింతలలో నొకటి.

గాజుపై ఇట్టి ఆక్సైడు పొరను నిలుపు విద్య మాత్రము అంతకు పూర్వమే కలదు. జర్మనీలో 1939 నాటికే ద్రావణములో పలకను ముంచి తీసి కాల్చు పద్ధతికి పేటెంటు పొందియుండిరి. టైటానియము ఐసోప్రొపాక్సైడును ఆల్కహాలులో కలిపి, ఆమ్లము చేర్చిన కొలది నీటితో మెల్లగా విశ్లేషింపజేసి, శుభ్రముగా కడిగిన పలకను అందు ముంచి నిదానముగా పైకి లాగి, 450–500 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినచో అనటేజు అను టైటానియము డయాక్సైడు స్ఫటికముల పొర ఏర్పడును. లాగు వేగము హెచ్చినకొలది పొర మందమగును. అయితే సాధారణపు గాజులోని సోడియము ఆ వేడికే పొరలోనికి ప్రాకి దాని చురుకును చంపును. కావుననే నడుమ సిలికా పూత నొకదానిని ముందుగా వేయుదురు. 1997లో జపానువారు వెలుగు సోకిన ఈ పొరపై నీరు చుక్కలుకట్టక పఱచుకొనునని చూపిరి. 2001లో పిల్కింగ్టన్ సంస్థ సుమారు 15 నానోమీటర్ల పొరగల, తన మురికిని తానే పోగొట్టుకొను అద్దమును విపణికి దెచ్చెను. మనవైపున తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమున పలుచని పొరల పరిశోధనయు, హైదరాబాదు చేరువ బాలాపూరులోని ఏఆర్‌సీఐ పరిశోధనసంస్థలో ఇట్టి ద్రావణపు (సోల్‌జెల్) పూతల కృషియు సాగుచున్నవి.

ఇట్టి అద్దము బళ్ళారి చెంతనున్న కుడతినిలో ఎంతవఱకు పనికివచ్చును? నవీనశిలాయుగపు పశుపాలకుల పేడకుప్పలు మండి, అచ్చటచ్చట గాజువంటి చిట్టెముగా కరగిన బూడిదదిబ్బ గల ఊరది. నేడు బొగ్గు మండించు విద్యుత్కేంద్రమును అక్కడనే కలదు. వెలుగు సోకిన పొర దహింపగలది నూనెజిడ్డు, మసి మొదలగు సేంద్రియ మాలిన్యమునే. బొగ్గుబూడిదయు, ఇనుపగనుల ఎఱ్ఱదుమ్మును అప్పటికే ఆక్సైడులైనవి గనుక ఇంక కాలునది లేదు. వానయే వానిని కడిగివేయవలెను. బళ్ళారి సీమలో వాన అరుదగుటచే బిందెడు నీళ్ళు పోయుట తప్పదు. ఆ నీరు మరకలు మిగుల్చక పలకయంతయు ప్రాకి దుమ్మును దింపుటయే అచ్చట ఈ పొర చేయు మేలు.