ఎడారిలో బస

డిప్లాయ్‌మెంట్ అంటే మనకి అర్ధరాత్రి సర్వర్ దగ్గర పడే తిప్పలు. సిపాయికైతే పరాయి ఎడారిలో కాపురం. మా తాడ్వాయిలో ఎడారి అంటే దుబాయి. అక్కడ ఎట్లుండేవాడివని ఓ కాకని అడిగితే, "ఇల్లెక్కడిది బిడ్డా, మంచమే ఇల్లు. కింద పెట్టె, మీద ఇంకొకడు" అన్నాడు.

నిజాం రాజ్యం నుంచి అంతకు చాలా ముందే ఎడారికి పోయినోళ్లున్నారు. హైదరాబాద్ లాన్సర్లు 1914లో ఈజిప్టు చేరి సూయజ్ కాలువకి కాపలా కాశారు. తర్వాత సినాయ్ దాటి పాలస్తీనా దాకా వెళ్లారు. ఉండేది గుడారంలో, పక్కనే గుర్రాల వరస. ముందు గుర్రానికి నీళ్లు, తర్వాతే మనిషికి. సినాయ్‌లో ఆ నీళ్లు మొదట ఒంటెల మీదే వచ్చేవి. 1916లో కాంతారా నుంచి రైలుపట్టాతో పాటు పైపులైనూ వేసుకుంటూ పోతే, 1917 మొదట్లో నైలు నీళ్లు ఎల్ అరీష్ చేరాయి. కాళ్లు దిగబడకుండా ఇసుక మీద ఇనప వల పరిచి దాన్నే రోడ్డన్నారు! (ఇంజినీరింగంటే అదీ.)

1918 సెప్టెంబరు 23న హైఫా మీద దాడి జోధ్‌పూర్, మైసూర్ వాళ్లది, పేరూ వాళ్లకే వచ్చింది. అయినా 1922లో ఢిల్లీలో పెట్టిన తీన్‌మూర్తిలో ఒక మూర్తి హైదరాబాద్‌ది. ఆ మూర్తి రాత్రిళ్లు ఎక్కడ పడుకున్నాడో రాయి మీద రాయలేదు. వచ్చే పండక్కి ఊరెళ్లినప్పుడు కాకని కూచోబెట్టి మిగతాదంతా రాసుకోవాలి.